పాలపిట్టను పంజరంలో చూడవద్దు

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్నవారికి, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డవారికి నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పి కృతజ్ఞతలు తెలిపే పనిని నాకంటే ముందు మాట్లాడినవారు నిండుగా చేశారు. నేను నేరుగా పిట్ట దగ్గరికి వస్తాను.

వచ్చే ముందు ఒకసారి నా వెనక ఉన్న ఫ్లెక్సీ చూడండి. వన్యప్రాణి వారోత్సవాలు, పాలపిట్టపై ప్రసంగం అని రాసి పక్కన చక్కని పక్షి బొమ్మ వేశారు. అది పాలపిట్ట కాదు. ఆఫ్రికాలో ఉండే దాని దాయాది. తోక చివర చూడండి, రెండు ఈకలు సన్నగా పొడుగ్గా సాగి ఉన్నాయి. రొమ్ము ఊదా రంగులో ఉంది. మన పాలపిట్టకు ఆ తోకా లేదు, ఆ రొమ్మూ లేదు. నిర్వాహకులు నొచ్చుకోవద్దు, ఈ బొమ్మ చాలాచోట్ల తిరుగుతోంది. కానీ 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్న పిట్టను మనం బొమ్మలో కూడా పోల్చుకోలేకపోతున్నామంటే, ఈ సాయంత్రం నాకు కావలసినంత పని ఉన్నట్టే.

కూర్చున్న పాలపిట్ట మీరనుకున్నంత అందంగా ఉండదు. తల పెద్దది, మెడ పొట్టి, ముక్కు నల్లగా దళసరిగా ఉంటుంది. వీపు మాసిన గోధుమ రంగు. రొమ్ము ఎరుపు కలిసిన గోధుమ, గొంతు మీద తెల్లని చారలు. నడినెత్తిన నీలం, కంటి చుట్టూ ఈకలు లేని పసుపు వన్నె చర్మం. కొలిస్తే అడుగు పైచిలుకు ఉంటుంది. కరెంటు తీగ మీద ముడుచుకుని కూర్చున్నప్పుడు దాని కిందుగా రోజూ వందల మంది వెళతారు, ఒక్కరూ తల ఎత్తరు. అది రెక్క విప్పిన క్షణంలో మాత్రం ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా తెరుచుకుంటాయి. తోక కూడా అంతే, లేత నీలం, అంచున ముదురు నీలపు పట్టీ. ఆడా మగా ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఏదని నన్ను అడగవద్దు.

చెరువు గట్టున నీలం రెక్క కనిపించగానే పాలపిట్ట అనేవారున్నారు. ముక్కు చూడండి. పొడుగ్గా ఎర్రగా ఉండి, రొమ్ము తెల్లగా ఉంటే అది లకుముకి పిట్ట. రెండూ దూరపు చుట్టాలే.

రెక్కల నీలం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ ఈకలో నీలి రంగు పదార్థం ఏదీ లేదు. ఈక పోగుల లోపల అతి సూక్ష్మమైన గాలి గదులు ఉంటాయి. వాటిని తాకిన కాంతిలో నీలం మాత్రమే బలంగా చెదిరి మన కంటికి చేరుతుంది. సి.వి. రామన్ 1934లో పక్షి ఈకల రంగుల మీద రాసిన పరిశోధన పత్రానికి ఎంచుకున్నది ఈ పిట్టనే. ఎప్పుడైనా పొలం గట్టున రాలిన ఈక కనిపిస్తే వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. నీలం మాయమై గోధుమ రంగు కనిపిస్తుంది. చూశాక అక్కడే వదిలేయండి, ఇంటికి తీసుకువెళితే చట్టం ఒప్పదు.

ఆ ఈకల కోసమే దానికి ఒకప్పుడు ప్రాణాల మీదికి వచ్చింది. యూరప్‌లో ఆడవారి టోపీల అలంకరణకు మన దేశం నుంచి ఎగుమతైన పక్షుల్లో ఇదీ ఉంది. 1902లో ప్రభుత్వం ఈకల ఎగుమతిని నిషేధించింది. ఆ టోపీల కాలం పోయింది. మనం ఇంకో దారి కనిపెట్టాం.

నేను ఇక్కడ దాని ఆహారం, గూడు, పిల్లల పెంపకం వరుసగా చెబుదామని కాగితం రాసుకొచ్చాను. కాగితం పక్కన పెడుతున్నాను. దసరా రోజు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం. ఆ పండుగ దగ్గర పడింది, ముందు చెప్పవలసింది ఇది.

ఒక దసరా రోజు గుడి మైదానంలో జనం వరుస కట్టి ఉన్నారు. ప్రసాదం అనుకున్నాను. ముందు ఒకతను గుడ్డ కప్పిన పంజరం పట్టుకుని కూర్చున్నాడు. డబ్బులు చేతిలో పడగానే గుడ్డ తొలగిస్తాడు, వచ్చినవారు దండం పెట్టుకుంటారు, మళ్లీ గుడ్డ కప్పేస్తాడు. నేను వంగి చూశాను. లోపల పాలపిట్ట. కాళ్లకు దారం కట్టి ఉంది. రెక్క ఈకలు ఒకదానికొకటి జిగురుతో అతికి ఉన్నాయి, కొట్టుకోకుండా. నోరు తెరిచి రొప్పుతోంది. గిన్నెలో గింజలు పోసి ఉన్నాయి.

గింజలు! పాలపిట్టకు గింజ తినడం తెలియదండీ. అది పెంకు పురుగులు, మిడతలు, కీచురాళ్లు తింటుంది. తేళ్లను, చిన్న బల్లులను, కప్పలను కూడా వదలదు. తొలకరికి ఉసిళ్లు లేస్తే గాలిలోనే పడుతుంది. ట్రాక్టరు దున్నుతుంటే వెనకే వచ్చి చాళ్లలో బయటపడ్డ పురుగులను ఏరుకుంటుంది. అలాంటి పిట్టను పండుగకు ముందే వల వేసి పట్టి, రోజుల తరబడి గింజల గిన్నె ముందు కూర్చోబెడతారు. అది పస్తులుంటుంది. పండుగ దాటాక చాలా పిట్టలు బతకవు.

వరుసలో నిలబడ్డ ఒక పెద్దమనిషిని అడిగాను, ఎందుకండీ ఇది అని. చదువుకున్నవారు, మర్యాదస్థులు. "పట్నంలో మాకు ఎక్కడ కనిపిస్తుంది మాస్టారూ?" అన్నారు. ఆ మాటకు జవాబు ఈ సభలో చెబుతున్నాను, ఆయన వింటే సంతోషం. పట్నం దాటి పొలాలు మొదలయ్యే చోట, చెరువు గట్ల మీద, ఎండిన చెట్ల కొమ్మల మీద, రోడ్డు పక్క తీగల మీద కనిపిస్తుంది. ఉదయం పూట వెళ్లండి. నేల మీద పురుగును చూసుకుంటూ కదలకుండా కూర్చుంటుంది. ఒక్కసారిగా దిగి పట్టుకుని, తరచుగా మళ్లీ అదే చోటికి వస్తుంది. కాబట్టి ఎగిరిపోయిందని వెనక్కి తిరగవద్దు, కాసేపు ఆగండి. మార్చి నుంచి జూన్ వరకు గూళ్లు పెట్టే కాలం. తాటి మోడుల్లో, చెట్టు తొర్రల్లో పొదుగుతాయి. దసరా నాటికి పిల్లలు కూడా రెక్కలొచ్చి తిరుగుతుంటాయి. చూడటానికి అంతకన్నా మంచి సమయం ఏముంది?

రాముడు యుద్ధానికి బయలుదేరుతూ పాలపిట్టను చూశాడని మన పెద్దలు చెబుతారు. ఆయన చూసింది ఎగురుతున్న పిట్టను. డబ్బులిచ్చి గుడ్డ తీయించుకుని చూశాడని ఎవరూ చెప్పలేదు.

వాటి సంఖ్య కూడా పడిపోతోంది. దేశమంతటా పక్షులను గమనించే సుమారు 30,000 మంది నమోదు చేసిన వివరాలతో 2023లో భారత పక్షుల స్థితిగతుల నివేదిక వచ్చింది. దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గిన పక్షుల్లో పాలపిట్టను చేర్చి, ప్రపంచ స్థాయిలో దాని పరిస్థితిని మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదిక కోరింది. తగ్గినదంతా పంజరాల వల్లే అని నేను అనను. కానీ తాటి మోడు కొట్టేయకుండా ఉండటం, పురుగుమందు తగ్గించడం మనలో కొందరి చేతిలోనే ఉంది. దసరా రోజు ఆ వరుసలో నిలబడకపోవడం మాత్రం అందరి చేతిలోనూ ఉంది.

ఇంకొక్క మాట. జాలిపడి కొని వదిలేద్దామని కొందరు అంటారు. ఆ పని చేయకండి. మీరిచ్చిన డబ్బుతో అతను ఇంకో వల కొంటాడు. పైగా జిగురు అంటిన ఈకలతో వదిలిన పిట్ట ఎగరలేదు, ఏ కుక్కకో దొరికిపోతుంది. కొత్త ఈకలు వచ్చేదాకా దానికి ఎవరో ఒకరు పురుగులు తినిపించి సాకాలి. పంజరం కనబడితే అటవీ శాఖకు ఫోను చేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడం, అమ్మడం, బంధించి చూపించడం నేరం. ఎక్కడ కూర్చున్నాడో, ఎన్ని పిట్టలున్నాయో చెప్పండి. అధికారులు వచ్చేదాకా అక్కడే ఉండండి, లేకపోతే పంజరం సందు మారిపోతుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. గుడ్లు ఎన్ని పెడుతుందని ఇందాక ఒక పాప చీటీ పంపింది. మూడు నుంచి అయిదు, తెల్లగా ఉంటాయమ్మా. మిగతా ప్రశ్నలు బయట అడగండి, ఉంటాను.