చేతులు తట్టుకున్నందుకే పంపేశారా? సూబన్‌పై స్టూడియో చర్చ, ఉన్నది ఉన్నట్టు

(2025 జూన్‌లో ఐస్ హాకీ మేటి ఆటగాళ్లకి దక్కే గౌరవం, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్, జాబితా వచ్చాక జరిగిన చర్చ ఇది. టొరంటో దగ్గర పిల్లలకు ఐస్ హాకీ నేర్పే కోచ్, మాంట్రియల్ శివారు బ్రొసార్ నుంచి గణాంకాల విశ్లేషకురాలు, హైదరాబాద్ నుంచి సీనియర్ పాత్రికేయుడు పాల్గొన్నారు. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తానని యాంకర్ మొదట్లోనే మాటిచ్చారు.)

యాంకర్: జ్డెనో చారా, డంకన్ కీత్ ఇద్దరూ డిఫెన్స్‌మన్లే. అర్హత వచ్చిన మొదటి ఏడాదే ఇద్దరికీ తలుపులు తెరిచారు. చారా రిటైరైంది 2022 సెప్టెంబర్ 20న. అదే రోజు రిటైరైన మరో డిఫెన్స్‌మన్, ఒకప్పటి మాంట్రియల్ ఆటగాడు పి.కె. సూబన్ పేరు మాత్రం లేదు. సూటిగా అడుగుతాను. గెలిచాక మాంట్రియల్ గోల్‌కీపర్ కేరీ ప్రైస్‌తో మూడుసార్లు చేతులు తట్టుకునేవాడు కదా, 2013లో ఆ జట్టు కోచ్ తెరియన్ దాన్ని మాన్పించారు. ఈ అబ్బాయి కథ అక్కడే అడ్డం తిరిగిందా?

కోచ్: చేతులకీ దీనికీ ఏం సంబంధమండీ! డిఫెన్స్‌మన్ పనేంటి? మన గోల్ కాపాడటం. చారాకి 1,680 మ్యాచ్‌లు, 2011లో లీగ్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్పు. కీత్‌కి మూడు కప్పులు, రెండు నారిస్ ట్రోఫీలు. సూబన్‌కి? 834 మ్యాచ్‌లు, కప్పు సున్నా. అయిపోయింది చర్చ.

విశ్లేషకురాలు: అయిపోలేదు సార్. 2013లో బెస్ట్ డిఫెన్స్‌మన్‌గా నారిస్ గెలిచాడు. 42 మ్యాచ్‌ల్లో గోల్స్, గోల్స్‌కి అందించిన పాస్‌లు కలిపి 38 పాయింట్లు. 2015లో, 2018లో కూడా తుది ముగ్గురిలో...

కోచ్: యజమానుల లాకౌట్‌తో కుదించిన సీజనమ్మా అది! 48 మ్యాచ్‌ల సీజన్!

విశ్లేషకురాలు: అందరికీ 48 మ్యాచ్‌లే కదా సార్, అతనొక్కడికేనా?

పాత్రికేయుడు: నేనొకటి చెప్పాలి. మొదటిసారి ఆ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి మన సుబ్బన్నే అనుకున్నాను. ఒంగోలువాడు నాషనల్ హాకీ లీగ్‌లో ఆడుతున్నాడని ఆఫీసులో కాఫీలు కూడా ఇప్పించాను.

(నవ్వులు)

విశ్లేషకురాలు: వాళ్ల నాన్న జమైకా నుంచి వచ్చి టొరంటోలో స్కూల్ ప్రిన్సిపాల్ అయ్యారు. అమ్మది మాంట్సెరాట్. పొద్దుపోయాక పిల్లాణ్ని సిటీ హాల్ ముందున్న రింక్‌కి తీసుకెళ్లి స్కేటింగ్ చేయించేవారు. అలా వచ్చిన కుర్రాణ్ని 2007లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో మాంట్రియల్ 43వ వాడిగా...

యాంకర్: ఇదే, ఇదే! రంగులున్న మనిషి, ఆనందాన్ని దాచుకోనివాడు. మూడు చేతితట్లు వాళ్లకి బరువయ్యాయి. అవునా కాదా?

విశ్లేషకురాలు: దానికన్నా పెద్ద సంగతి ఒంటి రంగుదండీ. 2014 మే 1న బోస్టన్‌పై రెండో ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి గెలిపిస్తే, ఆ రాత్రి అతని మీద వచ్చిన ట్వీట్లు...

యాంకర్: చాలా సున్నితమైన అంశం. దాని మీద తర్వాత వద్దాం.

(తర్వాత రాలేదు.)

కోచ్: ఒక్క నిమిషం. 2016 ఫిబ్రవరి, కొలరాడోతో మ్యాచ్. చివరి నిమిషాలు, స్కోరు 2-2. పక్, అదే ఆటలో బంతి బదులు వాడే బిళ్ల, వీడి దగ్గరే ఉంది. పక్కవాడికి ఇచ్చేస్తే పోయేది. ఇవ్వడు! ఒక్కడే చేద్దామనుకున్నాడు, స్కేట్ జారింది, పడ్డాడు. పక్ అటు వెళ్లింది, కొలరాడో ఆటగాడు ఇగిన్లా గోల్ కొట్టాడు, మ్యాచ్ పోయింది. తెరియన్ మిగతా సమయమంతా బెంచి మీద కూర్చోబెట్టాడు. మా పిల్లలకి ఆ వీడియో ఇప్పటికీ చూపిస్తాను.

విశ్లేషకురాలు: జారడం తప్పా సార్? మావాడికి పొద్దున ఐదున్నరకి రింక్‌లో లేసులు కడతాను. వేళ్లు ఎర్రగా కమిలిపోయేదాకా లాగి ముడేస్తాను. అయినా మలుపులో ఆ సన్నని అంచు ఐసుని పట్టకపోతే ఎంతటివాడైనా కింద పడాల్సిందే.

కోచ్: మలుపు ఎప్పుడు తిరగాలో తెలియడమే డిఫెన్సమ్మా!

విశ్లేషకురాలు: ఆ సీజన్ పోయింది ప్రైస్ గాయపడి నెలల తరబడి ఆడకపోవడం వల్ల. నెపం మాత్రం...

కోచ్: నన్ను పూర్తి చేయనివ్వండి. మీరు మాట్లాడేటప్పుడు నేను అడ్డొచ్చానా?

(అప్పటికి రెండుసార్లు వచ్చారు.)

కోచ్: 2016 జూన్ 29న మాంట్రియల్ వాళ్లు సూబన్‌ని నాష్‌విల్ జట్టుకి ఇచ్చి షే వెబర్‌ని తెచ్చుకున్నారు. అదీ డిఫెన్స్‌మన్ అంటే! 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో జర్మనీ మీద కొట్టిన షాట్‌కి పక్ వల చించుకుని అవతలకి పోయింది. గోలని అక్కడికక్కడ ఎవరికీ తెలియలేదు, వీడియో చూసి ఇచ్చారు. వల చిరిగిందండీ, వల!

పాత్రికేయుడు: మా ఊళ్లో గోల్‌కి చేపల వల కట్టుకుని ఆడేవాళ్లం. అది కూడా చిరిగేది. కాకపోతే పాతదై...

యాంకర్: సార్, పాయింట్‌కి రండి. ట్రేడ్ వెనక ఆ చేతితట్లు ఉన్నాయా?

పాత్రికేయుడు: ఉన్నాయేమో. నాకైతే తేదీ మీద అనుమానం. 2014లో ఎనిమిదేళ్లకి 7.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. ఇష్టం లేనిచోటికి పంపకుండా అడ్డుకునే నిబంధన 2016 జూలై 1 నుంచి అమల్లోకి రావాలి. సరిగ్గా రెండు రోజుల ముందు ట్రేడ్. ఉద్యోగి పర్మనెంట్ అయ్యే ముందు రోజు తీసేసే పత్రికాఫీసులు చూశాను, అందుకే చెబుతున్నా.

విశ్లేషకురాలు: అంతకు పది నెలల ముందే పిల్లల ఆసుపత్రికి కోటి డాలర్లు ప్రకటించాడు...

కోచ్: సొంత డబ్బు కాదు! ఏడేళ్లలో సేకరిస్తానన్నాడు!

విశ్లేషకురాలు: సేకరించడం తేలికా? మీ టీమ్ జెర్సీలకి స్పాన్సర్ దొరికాడా సార్?

కోచ్: ...అది వేరే సంగతి.

(కార్యక్రమం మొత్తంలో ఆయన ఆగింది ఇక్కడొక్కచోటే.)

విశ్లేషకురాలు: ఒక్క మాట చెప్పనివ్వండి. వెబర్‌కి కప్పు లేదు. నారిస్ ఒక్కసారీ రాలేదు. అయినా 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. సూబన్ 2017లో నాష్‌విల్‌తో ఫైనల్ ఆడి పిట్స్‌బర్గ్ చేతిలో ఓడాడు. వెబర్ 2021లో మాంట్రియల్‌తో ఫైనల్ ఆడి టాంపా చేతిలో ఓడాడు. మరి కప్పే కొలతైతే...

కోచ్: వెబర్‌కి రెండు ఒలింపిక్ స్వర్ణాలు!

విశ్లేషకురాలు: 2014 స్వర్ణం సూబన్‌కీ ఉంది!

కోచ్: ఒక్క మ్యాచ్ ఆడించారు! ఒక్కటి! వెబర్ 1,038 మ్యాచ్‌లు, 224 గోల్స్. ఒళ్లంతా గాయాలతో ఆ ఫైనల్ ఆడాడు, మళ్లీ ఐసు మీదికి రాలేకపోయాడు. సూబన్ 115 గోల్స్. సగం!

విశ్లేషకురాలు: గోల్ కాపాడటమే పనన్నారు, ఇప్పుడు గోల్స్ లెక్కపెడుతున్నారేంటి సార్?

(ఇద్దరూ ఒకేసారి. దాదాపు నిమిషం పాటు "వల" అన్న మాట తప్ప ఏమీ వినపడలేదు.)

యాంకర్: ప్లీజ్, ఒకరి తర్వాత ఒకరు. కోచ్ గారూ, మీరు చెప్పండి.

కోచ్: 2019లో నాష్‌విల్ కూడా వదిలేసుకుంది. న్యూజెర్సీలో చివరి మూడేళ్లు ఆట పడిపోయింది. 33 ఏళ్లకే ముగించాడు. చారా 45 దాకా ఆడాడు. నిలబడటం కూడా ఒక విద్యే.

పాత్రికేయుడు: అసలు ఎవరు ఓటేశారో తెలుసా? కమిటీలో 18 మంది. 14 ఓట్లు పడాలి. ఎవరికెన్ని పడ్డాయో బయటపెట్టరు. సూబన్ పేరు చర్చకి వచ్చిందో లేదో కూడా మనకి తెలియదు. మనం ఇక్కడ గంట నుంచి...

యాంకర్: అంటే ఆ గదిలో కూడా చేతితట్ల ప్రభావం ఉండొచ్చంటారు?

పాత్రికేయుడు: నేనలా అనలేదు బాబూ.

విశ్లేషకురాలు: 2023 జనవరిలో అదే మాంట్రియల్ రింక్‌లో అతనికి సన్మానం చేశారు. నేను పైవరసలో ఉన్నాను. జనం చప్పట్లు ఎంతకీ ఆపలేదు. నా పక్కన ఒక పెద్దాయన, సూబన్ పాత 76 నంబర్ జెర్సీ, అంకె అంచులు పిగిలిపోయి...

కోచ్: చప్పట్లకి కమిటీ ఓటెయ్యదమ్మా.

యాంకర్: చాలా మంచి మాట. స్క్రీన్ మీద వేయండి ఆ మాట. వెళ్లేముందు ఒక్కో వాక్యం. కోచ్ గారూ?

కోచ్: ఒక్క వాక్యమే. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకి చెప్పేది ఒకటే, ముందు నీ గోల్ చూసుకో. పాతకాలపు మేటి డిఫెన్స్‌మన్ బాబీ ఆర్ ఎదురుదాడి చేశాడంటారు, ఆయన లెక్క వేరు, ఆయన లాంటివాడు మళ్లీ పుట్టలేదు. ఆర్‌ని చూసి అందరూ పరిగెత్తితే వెనక ఎవరుంటారు? సూబన్ మంచివాడే, నేను కాదనలేదు. నా దగ్గర ఒక కుర్రాడున్నాడు, అచ్చం సూబన్ లాగే, పక్ దొరికితే చాలు...

యాంకర్: మేడమ్, మీరు?

విశ్లేషకురాలు: వెబర్‌ని తీసుకున్నవాళ్లు సూబన్‌ని...

కోచ్: వెబర్ వల చించాడు!

యాంకర్: టైమ్ అయిపోయింది. ముగ్గురికీ ధన్యవాదాలు. మరి మీరేమంటారు? ఆ మూడు చేతితట్లే కారణమా? అవునంటే ఒకటి నొక్కి...

(కాదంటే ఏం నొక్కాలో చెప్పేలోపే ప్రకటన పడింది.)