మైదానం నుంచి ఆఫీసు గదికి

శ్రోతలకు నమస్కారం. ఆటగాడు ఆట మానేశాక ఏం చేస్తాడు? మన దగ్గరైతే కామెంటరీ చెబుతాడు, కోచ్ అవుతాడు, లేదా ఎన్నికల్లో నిలబడతాడు. ఓజీ న్యూసమ్ ఈ మూడూ చెయ్యలేదు. ఆఫీసు గదిలో కూర్చుని టేపులు చూశాడు.

ముందే చెప్పేస్తాను, ఇది మన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. మరి దానికి ఆ పేరెందుకో నన్నడక్కండి. అలబామాకు చెందిన న్యూసమ్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు 1978 నుంచి 13 సీజన్లు ఆడి 662 సార్లు బంతి అందుకున్నాడు. కానీ వాళ్ళ ఫైనల్, సూపర్ బౌల్, ఒక్కసారీ ఆడలేదు. మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళారు. మూడుసార్లూ డెన్వర్ చేతిలోనే ఓడిపోయారు.

1990తో ఆట ముగిసింది. పెద్ద కుర్చీ వెంటనే రాలేదు. అదే జట్టులో స్కౌట్‌గా చేరాడు. అంటే కుర్రాళ్ళ ఆట చూడటం, బలాబలాలు తూచటం, రిపోర్టు రాయటం. చూడటం, తూచటం, రాయటం. అంత పేరున్న ఆటగాడికి అది చిన్న పనే అనిపించి ఉండాలి. నాకైతే అనిపించేది.

1996లో యజమాని ఆర్ట్ మోడెల్ జట్టును బాల్టిమోర్‌కు తరలించాడు. క్లీవ్‌లాండ్ జనం ఆయన్ని తిట్టని తిట్టు లేదు, ఆ కథ ఇంకో రోజు. కొత్త ఊరు, రేవెన్స్ అని కొత్త పేరు. ఆటగాళ్ళ ఎంపిక న్యూసమ్ చేతికొచ్చింది.

ఏప్రిల్‌లో డ్రాఫ్ట్. ఇందులో వేలంపాట ఉండదు. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా పిలుచుకుంటాయి, కిందటేడు అడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు. ఎవరు మేలు, ఎవరు ఆ తర్వాత అని ప్రతి జట్టూ ముందే ఒక జాబితా రాసుకుంటుంది. రేవెన్స్‌ది నాలుగో వంతు. వాళ్ళకు కావలసింది బంతి పట్టుకుని దూసుకుపోయేవాడు. అలాంటి కుర్రాడొకడు అందుబాటులోనే ఉన్నాడు, యజమాని మొగ్గూ అతనివైపే. జాబితాలో పైనున్నది మాత్రం జొనథన్ ఆగ్డెన్, ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. అతను ఆడే స్థానంలో జట్టుకు అప్పటికే అనుభవమున్న ఆటగాడు ఉన్నాడు. అయినా న్యూసమ్ ఆగ్డెన్‌నే పిలిచాడు. మొదటి ఏడాది పక్క స్థానంలో ఆడించాల్సి వచ్చింది, ఆడించారు.

అదే రోజు 26వ వంతులో రే లూయిస్‌ను తీసుకున్నాడు. తర్వాత ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కారు, అంటే ఆ ఆటలో మహామహుల జాబితాకు. యజమాని కోరుకున్న కుర్రాణ్ణి వేరే జట్టు తీసుకుని, రెండేళ్ళు నిండకుండానే వదిలేసుకుంది.

నేను రైతు బజారుకు చీటీ రాసుకునే వెళతాను. వంకాయలు నిగనిగలాడుతూ కనిపించగానే చీటీ జేబులోకి పోతుంది. ఇంటికొచ్చాక చూస్తే ఉల్లిపాయలుండవు. న్యూసమ్‌లో నాకు నచ్చింది ఇదే: తీరిగ్గా కూర్చుని రాసుకున్నదాన్ని టెన్షన్‌లో కొట్టేయలేదు. పిల్లల కాలేజీ ఎంపికైనా, ఆఫీసులో ఇంటర్వ్యూలైనా, ముందురోజే కాగితం మీద పెట్టి చూడండి. ఆ రోజు పొద్దున దాన్ని మార్చకండి.

ఆటగాడిగా దక్కని సూపర్ బౌల్ 2001 జనవరిలో ఆఫీసు మనిషిగా దక్కింది. 2002లో జనరల్ మేనేజర్ అయ్యాడు. ఆ లీగ్‌లో ఆ పదవికెక్కిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. 2013లో ఇంకో సూపర్ బౌల్ వచ్చింది.

2018లో ఆయన చివరి డ్రాఫ్ట్. మొదటి రౌండులో ఆఖరిది, 32వ వంతు. దాన్ని వేరే జట్టు నుంచి బేరమాడి మరీ తెచ్చుకుని లమార్ జాక్సన్‌ను పిలిచాడు. ఆడించేది క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించేవాడిగా. ఆ రోజున ఆ స్థానంలో జట్టుకు జో ఫ్లాకో ఉన్నాడు, 2013 సూపర్ బౌల్ గెలిపించినవాడు.