ప్రాణం పోయేలోపు ఫైలు కదలాలె

అందరికీ నమస్కారం. లా చదివే పిల్లలు చాలా మంది వచ్చిండ్రు, సీనియర్ వకీలు సార్లు కూడా కూసున్నరు, అందుకే నేను సుత్తి లేకుండా విషయంలకే వస్త. మంచం పట్టిన, ఇంక బతకడని డాక్టర్లు చెప్పిన ఖైదీని ఇంటికి పంపాలెనా వద్దా అనేది మాట.

నేను చూసిన ఒక కేసు చెప్త, ఊరు పేరు చెప్ప. ఒకాయన పొలం గట్టు కాడ పంచాయితీల సొంత తమ్ముణ్నే చంపిండు, యావజ్జీవం పడ్డది, ఏడెనిమిదేండ్ల లోపట్నే నోటి కేన్సర్ బయటపడ్డది. స్కానింగ్ డేట్ ఇస్తరు, ఆ రోజు ఎస్కార్ట్ పోలీసులు దొరకరు, మళ్లా డేట్, మళ్లా అదే. చివరికి ముక్కుల నుంచి పైపేసి పాలు పోస్తున్నప్పుడు ఇంటికి పంపుమని దరఖాస్తు పెట్టినం. జైలు డాక్టర్ రాయాలె, సూపరింటెండెంట్ పంపాలె, మెడికల్ బోర్డు చూడాలె, ఊరి పోలీస్ స్టేషన్ నుంచి రిపోర్ట్ రావాలె, అది జైళ్ల శాఖ హెడ్డాఫీసుకు పోయి అక్కడి నుంచి హోం శాఖకు పోవాలె. స్టేషన్ రిపోర్ట్‌ల ఏం రాసిండ్రంటే "విడుదల చేస్తే గ్రామంలో శాంతిభద్రతల సమస్య". మంచం మీద పక్కకు తిరగలేని మనిషి గురించి అట్ల రాసిండ్రు! ఫైలు అట్లనే ఉన్నది, మనిషి పోయిండు. తర్వాత మెజిస్ట్రేట్ విచారణ, పోస్ట్‌మార్టం, అవి మాత్రం చకచకా అయినయి.

చచ్చిపోయిన తమ్ముని భార్య కాడికి నేను పోయిన. ఆమె "వాడొస్తే నేను ఊర్ల ఉండ సారూ, నా పిల్లలు వాని మొఖం చూడొద్దు" అన్నది. ఆమె మాట తప్పని నేను ఎట్లంటా? ఆమె దుఃఖం ముంగట మన దయ గురించి లెక్చర్ ఇయ్యొద్దు. కానీ అదే ఊర్లె ఉంచాల్సిన అవసరం లేదు గదా, బిడ్డ ఇంటికో వేరే జిల్లాకో పంపొచ్చు, ఆమె ఇంటి దిక్కు రావొద్దని షరతు పెట్టొచ్చు. ఆమెను పిలిచి అడిగినోడే లేడు, పోలీసు రిపోర్ట్‌ల మాత్రం ఆమె పేరు వాడుకున్నరు.

ఇగ చట్టం. యావజ్జీవం పడ్డోళ్లలో మరణశిక్ష కూడా వేయదగ్గ నేరమైతే, హత్య అంటే అదే గదా, కనీసం 14 ఏండ్లు లోపల ఉండాలని క్రిమినల్ కేసులు ఎట్ల నడపాలెనో చెప్పే చట్టం, అంటే పాత సీఆర్‌పీసీల 433ఏ సెక్షన్, ఇప్పుడు దాని జాగల వచ్చిన బీఎన్ఎస్ఎస్‌ల 475వ సెక్షన్ చెప్తది. జైలోళ్లు ఇదే చూపెట్టి వాపస్ పంపుతరు. కానీ గవర్నర్‌కు రాజ్యాంగం 161వ అధికరణం కింద ఉన్న క్షమాభిక్ష, శిక్ష తగ్గించే అధికారానికి ఈ 14 ఏండ్లు అడ్డం రావని 1980ల మారూరాం కేసులనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దారి లేదనేది అబద్ధం, దారి చాలా పొడుగున్నది అంతే, కేన్సర్ అంత దాకా ఆగదు.

ఇంక శిక్షే పడనోళ్ల సంగతి. మన జైళ్లల్ల సుమారు 75 శాతం మంది విచారణ ఖైదీలే. భీమా కోరెగావ్ కేసుల అరెస్టైన పాదిరి స్టాన్ స్వామి సారుకు 84 ఏండ్లు, పార్కిన్సన్స్ అనే నరాల రోగం, చేతులు వణికి గ్లాసు పట్టలేకపోతే స్ట్రా ఉన్న సిప్పర్ కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది, బెయిల్ రాకముందే 2021 జులై 5న పోయిండు. మన వరంగల్ సీకేఎం కాలేజీల పాఠాలు చెప్పిన, అదే కేసుల అరెస్టైన విప్లవ కవి వరవరరావు సారుకు 2022 ఆగస్టుల సుప్రీంకోర్టు మెడికల్ బెయిల్ ఇచ్చింది, అది కూడా పర్మిషన్ లేకుండా ముంబై దాటొద్దన్న షరతు మీద. వాళ్ల రాజకీయాలు మీకు నచ్చకపోవచ్చు, అది వేరే ముచ్చట.

మీరు అడిగేది నాకు తెల్సు, దీన్ని పెద్దోళ్లు వాడుకోరా అని. వాడుకుంటరు. అత్యాచారం కేసుల శిక్ష పడ్డ ఆశారాం బాబాకు 2025 జనవరిల ఆరోగ్యం పేరు మీద తాత్కాలిక బెయిల్ దొరికింది. పైసలున్నోనికి స్పెషలిస్టు రిపోర్టులు, పెద్ద లాయర్లు ఉంటరు, పేదోనికి జైలు డాక్టర్ రాసే "కండిషన్ స్టేబుల్" ఒక్కటే ఉంటది. అందుకని అసలు సౌలతే వద్దంటే మునిగేది పేదోడే.

బయట దేశాల్ల కూడా ఈ లొల్లి ఉన్నది. 1988ల స్కాట్లాండ్‌ల లాకర్బీ అనే ఊరి మీద విమానం పేల్చి 270 మందిని చంపిన కేసుల శిక్ష పడ్డ అల్ మెగ్రాహీని మూడు నెలలే బతుకుతడని 2009 ఆగస్టుల స్కాట్లాండ్ ఇడిసిపెట్టింది, ఆయన 2012 మే దాకా బతికిండు. అమెరికాల బాధితుల ఇండ్లళ్ల ఎంత మండిందో. డాక్టర్ చెప్పేది అంచనా మాత్రమే, అది తప్పొచ్చు, అందుకని ఆర్నెల్లకోసారి మళ్లా పరీక్ష పెట్టి, కోలుకుంటే లోపలికి పిలిచే షరతు రాయాలె. నేనడిగేది ఒకటే, మెడికల్ బోర్డుకు, ఆ తర్వాత సర్కారుకు రోజుల లెక్కన గడువు పెట్టి, గడువు దాటితే ఎందుకు దాటిందో కాయితం మీద రాయించాలె.

పిల్లలూ, మన వరంగల్ సెంట్రల్ జైలు 2021ల కూలగొట్టినంక ఖైదీలు వేరే జిల్లాలకు పోయిండ్రు, ములుగు దిక్కోళ్లకు ములాఖత్ అంటే ఒక రోజు కూలి పోవుడే. అందుకని లీగల్ ఎయిడ్ తరఫున జైలుకు పోయే మీరే వాళ్లకు కండ్లు, కాళ్లు కావాలె. పోయినప్పుడు రోగం రిపోర్ట్ కాపీ అడుగుండ్రి, ఎస్కార్ట్ లేక తప్పిపోయిన ఆసుపత్రి తారీఖులన్నీ రాసుకోండ్రి, దరఖాస్తు ఏ టేబుల్ మీద ఉన్నదో కనుక్కోండ్రి. ఇంటికి ఫోన్ చేసి, వస్తే ఎవరు చూసుకుంటరో కూడా అడుగుండ్రి, ఎందుకంటే నొప్పికి మందు ఇచ్చేటోళ్లు లేకుండా గేటు బయట ఇడిసిపెడితే అది ఇంకో శిక్ష. జిల్లా ఆసుపత్రులల్ల పాలియేటివ్ కేర్ సెంటర్లు, అంటే నయం కాని రోగంల నొప్పి తగ్గించి చూసుకునే సెంటర్లు ఉన్నయి, ఆ డాక్టర్‌తోని ముందే మాట్లాడి ఆ కాయితం కూడా దరఖాస్తుకు జత చేయుండ్రి.