మూలిగే నక్క మీద పడింది కాయా, పండా?

నమస్కారమండీ. ఈసారి రివ్యూకి ఒక సామెతను తీసుకున్నాను. ‘మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు.’ ఉద్యోగం పోయి బెంగపడుతున్న మనిషిని అదే వారంలో ఇల్లు ఖాళీ చెయ్యమన్నారని తెలిస్తే, వినేవాళ్ళ నోట వెంటనే వచ్చే మాట ఇది. దురదృష్టం గురించి మనకున్న సామెతల్లో నాకు బాగా ఇష్టమైనది కూడా ఇదే.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. కొందరు తాటికాయ అంటారు, కొందరు తాటిపండు అంటారు. రెండూ వాడుకలో ఉన్నవే. నా ఓటు మాత్రం పండుకే. ఎండాకాలంలో ముంజల కోసం కాయల్ని మనిషి చెట్టెక్కి గెలలుగా కోసి దించాలి. పండుకి ఎవరూ ఎక్కక్కర్లేదు. వానాకాలంలో, శ్రావణ భాద్రపదాల్లో, నల్లగా నిగనిగలాడుతూ పండి తనంతట తనే రాలుతుంది. కిలో పైనే బరువు. చెట్టేమో అరవై డెబ్బై అడుగుల ఎత్తు. ముందు ధబ్బుమని చప్పుడు, ఆ తర్వాత మగ్గిన తియ్యటి వాసన. కాయ పడిందంటే పైన కోసేవాడు ఉన్నాడన్నమాట, వాణ్ణి తిట్టుకోవచ్చు. పండు పడితే తిట్టడానికి మనిషే లేడు. దురదృష్టం అంటే అదే కదండీ.

ఇక నక్క. మన కథల్లో నక్క జిత్తులమారి, ఎలాంటి చిక్కులోంచైనా తప్పించుకుంటుంది. ఇక్కడ మాత్రం పక్కకి జరిగే ఓపిక కూడా లేక మూలుగుతోంది. ఈ సామెత ప్రాణమంతా ఆ ‘మూలిగే’ అన్న మాటలోనే ఉంది. అందుకే మొదటి కష్టానికి దీన్ని వాడితే నప్పదు. హాయిగా ఉన్నవాడి ఇంటికప్పు కారితే అది ఒట్టి ఇబ్బంది. జ్వరంతో లేవలేనివాడి మంచం మీద కారితే, అప్పుడు పడింది తాటిపండు.

దీని పుట్టుక అడిగితే చాలామంది భర్తృహరి శ్లోకం చెబుతారు. ఎండకి తల మాడిపోతున్న బట్టతలవాడు నీడ కోసం తాటిచెట్టు కిందికి పరుగెత్తితే, పండు పడి ఆ తల పగులుతుంది. 18వ శతాబ్దంలో ఏనుగు లక్ష్మణకవి దాన్ని ‘ధర ఖర్వాటుడొకండు’ అంటూ తెలుగు పద్యం చేశాడు. మనలో చాలామందికి బడిలోనే వచ్చిన పద్యం. చెట్టూ పండూ ఒకటే అయినా నేను ఈ రెంటినీ కలపను. పద్యంలో మనిషి కాళ్ళ మీద నడిచి ఆపద దగ్గరికి వెళ్ళాడు. దురదృష్టవంతుడు ఎక్కడికి వెళ్తే ఆపదలూ అక్కడికే వస్తాయని చెప్పడం కవి ఉద్దేశం. నక్క ఎక్కడికీ వెళ్ళలేదు.

అన్నట్టు, ‘కాకతాళీయం’ అనే మాటలోనూ ఉన్నది ఈ తాటిచెట్టే. కాకి వాలడం, పండు రాలడం ఒక్కసారే జరిగాయి. అంతకుమించి సంబంధం లేదు.

‘గోరుచుట్టు మీద రోకటిపోటు’ అర్థంలో దీనికి తోబుట్టువే. నొప్పి చెప్పడంలో అదే ఒక మెట్టు పైన. కానీ రోకలి పట్టుకున్న చెయ్యి ఒకటుంటుంది అక్కడ.

పెద్దవాళ్ళు ఈ సామెతని పూర్తిగా చెప్పడం ఎప్పుడైనా విన్నారా? ‘పాపం, మూలిగే నక్క మీద...’ అని నిట్టూర్చి ఆపేస్తారు. తాటిపండు మాట వాళ్ళ నోట రానే రాదు.