బారెడు దూరంలో ముఖం

శ్రోతలకు నమస్కారం.

స్త్రీల ముఖమూ, ఆకృతీ చూసేవారి కంటికి ఎందువల్ల అందంగా కనబడతాయన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడవలసిందని నన్ను కోరినప్పుడు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకేముందని కొంతసేపు ఆలోచించాను. నేను వైద్యురాలిని కాను, చిత్రకారిణినీ కాను. పర్లాకిమిడిలో మా నాన్నగారి ఫోటో స్టూడియోలో, నా పెళ్ళయి బరంపురం వచ్చేవరకు, నెగటివ్‌ల మీద సన్నని పెన్సిలుతో టచింగ్ చేసినదాన్ని. నెగటివ్‌లో నలుపు తెలుపుగానూ, తెలుపు నలుపుగానూ కనబడుతుంది కనుక, మొటిమ మచ్చ ఉన్నచోట ఫిల్ము పలచగా ఉంటుంది. ఆ పలచని చోట పెన్సిలు మొనతో చుక్కలు పెట్టుకొంటూ పోతే ప్రింటులో మచ్చ మాయమవుతుంది. అలా కొన్ని వందల మంది ఆడపిల్లల ముఖాలను, వారి ముఖాలు వారు చూసుకోనంత దగ్గరగా చూశాను. నాకున్న అర్హత అంతే.

ఈ ప్రసంగానికి అసలు కారణం మాత్రం మా మేనకోడలి ముక్కు. మొన్నటి వేసవిలో ఇచ్ఛాపురం నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులకు ముందు అమ్మాయి ఫోటో ఫోనులో పంపమన్నారు. పిల్ల తన ఫోనుతో తానే నలభై ఫోటోలు తీసుకొని, ఒక్కటీ నచ్చక, మా ఇంటికి వచ్చి కూర్చుంది. "అత్తా, నా ముక్కు ఇంత పెద్దదని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?" అని అడిగింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ముఖాన్ని చూస్తున్నాను. ఆ ముక్కులో నాకు ఏ లోపమూ కనబడలేదు. ఫోటోలో మాత్రం నిజంగానే పెద్దదిగా ఉంది. ఆ ముక్కు సంగతి చివరికి చెబుతాను. ముందు ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ చెప్పాలి.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు కాశీనగరం నుంచి ఒక కుటుంబం మా స్టూడియోకు వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలకు విడివిడిగా పెళ్ళి ఫోటోలు కావాలన్నారు. మా కెమెరాలో 120 ఫిల్ము వేసేవారు. ఒక ఫోటో తీసిన తరువాత చేత్తో మీట తిప్పి ఫిల్మును ముందుకు జరిపితే తప్ప రెండో ఫోటోకు కొత్త చోటు దొరకదు. పెద్దమ్మాయిని ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి నాన్నగారు ఫోటో తీశారు. ఇంతలో కరెంటు పోయింది. వచ్చేసరికి పావుగంట అయింది. చిన్నమ్మాయిని అదే పీట మీద కూర్చోబెట్టి, కొంచెం పొట్టిది కనుక కింద ఒక చెక్క వేసి, కళ్ళు అదే ఎత్తుకు వచ్చేటట్లు సరిచేసి మళ్ళీ తీశారు. మీట తిప్పడం మరిచిపోయారు.

ఆ సాయంత్రం డార్క్‌రూములో చూస్తే రెండు ఫోటోలు ఉండవలసిన చోట ఒక్కటే ఉంది. రెండుసార్లు వెలుతురు తగిలిన ఆ నెగటివ్ దట్టంగా, నల్లగా వచ్చింది. ప్రింటు వెయ్యడానికి మామూలుకంటే మూడింతలు వెలుతురు ఇవ్వవలసి వచ్చింది. ఆ ప్రింటు ట్రేలో మెల్లగా తేలుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. అందులో మేమెవరమూ ఎన్నడూ చూడని మూడో అమ్మాయి కనబడింది. పెద్దమ్మాయికి గడ్డం కాస్త పొడుగు, చిన్నమ్మాయికి బుగ్గలు కాస్త వెడల్పు. ఈ మూడో అమ్మాయికి ఆ పొడుగూ లేదు, ఆ వెడల్పూ లేదు. చెవుల దగ్గర నాలుగు జూకాలు, చెంపల అంచున పలచని నీడలాంటి రెండో గీత తప్ప మిగిలిన ముఖమంతా ఒక్క మనిషిదే. పైగా, ఉన్నమాట చెప్పాలంటే, అక్కకంటే, చెల్లెలికంటే కూడా అందంగా ఉంది. నాన్నగారు దానిని చాలాసేపు పట్టుకొని నిలబడ్డారు. మరునాడు ఆ పిల్లల తల్లి వచ్చి, దానిని చూసి, "ఈ పిల్లెవరు బాబూ, మా ఇంటి పిల్లలాగే ఉందే!" అన్నది. తప్పు మాది కనుక రానుపోను బస్సు ఛార్జీలు ఇచ్చి, మళ్ళీ పిలిపించి, ఇద్దరికీ ఫోటోలు తీశాము. ఆ తల్లి మాత్రం మూడో అమ్మాయి ఫోటోను కూడా అడిగి పట్టుకొని వెళ్ళింది.

మా పొరపాటును ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన వందేళ్ళకు ముందే, కావాలని చేశాడని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. నేరస్థుల ముఖాలలో ఒక సామాన్య లక్షణం ఉంటుందని, దానిని పట్టుకోవచ్చునని ఆయన అభిప్రాయం. ఆ ఆశతో ఖైదీల ఫోటోలు తెప్పించి, ఒకే ప్లేటు మీద ఒకదాని తరువాత ఒకటిగా, ఒక్కొక్క దానికి కొద్దికొద్ది వెలుతురు ఇచ్చి, కళ్ళు కళ్ళ మీదికి వచ్చేటట్లు కలిపాడు. 1878లో ఆ ఫలితాలను ప్రకటించాడు. వెతికిన నేరస్థుడు ఆయనకు దొరకలేదు. కలిపినకొద్దీ ఆ ముఖాలలోని వంకరలు ఒకదానినొకటి చెరుపుకొని, విడివిడి ముఖాలకంటే కలిపిన ముఖమే చూడముచ్చటగా తయారైంది. గాల్టన్ మిగతా ఆలోచనలలో చాలావాటిని నేను ఒప్పుకోను. మనుషులను జాతులుగా, రకాలుగా విడదీసి మేలురకాన్ని పెంచాలన్న ఆయన సిద్ధాంతం తరువాతి కాలంలో లోకానికి ఎంతో చెరుపు చేసింది. అయినా ఆ ప్లేటు చెప్పిన సంగతి మాత్రం నిజం.

1990లో అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జుడిత్ లాంగ్లాయ్, మరొక పరిశోధకురాలితో కలిసి, అదే పనిని కంప్యూటరుతో చేసింది. రెండు ముఖాలు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పైరెండు ముఖాలు ఇలా కలుపుకొంటూ పోయి చూపిస్తే, ఎక్కువ ముఖాలు కలిసినదానినే చూసినవారు ఎక్కువ అందమైనదన్నారు. మిక్కిలి పెద్దదీ కాక, మిక్కిలి చిన్నదీ కాక, ఊరందరి ముఖాల నడుమ కుదురుగా నిలిచే కొలతలు కంటికి హాయిగా ఉంటాయన్నమాట. అంతటితో కథ అయిపోలేదు. 1994లో డేవిడ్ పెరెట్ బృందం అందగత్తెల ముఖాలను మాత్రమే కలిపి చూస్తే, ఆ ముఖం అందరినీ కలిపిన ముఖంకంటే మెరుగనిపించింది. సగటు ముఖం బాగుంటుంది. కొన్ని ముఖాలు సగటును కాస్త దాటి ఇంకా బాగుంటాయి.

మన శిల్పశాస్త్రాలు దీనిని కొలతలుగా చెప్పాయి. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు ప్రతిమ ముఖంలో నుదురు నాలుగు అంగుళాలు, ముక్కు నాలుగు, గడ్డం నాలుగు అన్నాడు. ఆ అంగుళం ఇంచి కాదు, ముఖం పొడవులో పన్నెండో వంతు. పడమటి శాస్త్రాలూ ఇలాంటి మూడు సమభాగాలనే చెప్పాయి కానీ, 1985లో టొరంటోకు చెందిన లెస్లీ ఫార్కస్ బృందం బతికి ఉన్న మనుషుల ముఖాలను కొలిచి చూస్తే, ఆ సూత్రం మనుషులకు కుదరలేదు. విగ్రహానికి కొలత ముందు, ముఖం తరువాత. మనుషులకు అది తిరగబడుతుంది.

కొలతలు చెప్పనివారు కవులు. ఆడవారి ముక్కు మీద ఒక్క పద్యం వల్ల నంది తిమ్మన ముక్కు తిమ్మన అయినాడని మనం చిన్నప్పటినుంచి వింటున్నాము. తమాషా ఏమిటంటే, ఆ పద్యం మనకు దొరికేది రామరాజభూషణుడి వసుచరిత్రలో. అన్ని పూల దగ్గరికీ వెళ్ళే తుమ్మెద తన దగ్గరికి రాదని అలిగిన సంపెంగ, తపస్సు చేసి స్త్రీ నాసికగా పుట్టి, అటు ఒక చూపునూ ఇటు ఒక చూపునూ తుమ్మెదల బారులుగా పొందిందని దాని భావం. ఎంత ముక్కు, ఎన్ని అంగుళాల ముక్కు అని కవి అడగలేదు. రెండు కళ్ళ నడుమ అది ఎలా ఉన్నదని చూశాడు. ముక్కును ముక్కుగా కాక, కళ్ళతో కలిపి చూశాడు. టచింగ్ చేసేటప్పుడు మా నాన్నగారు నాకు చెప్పిందీ అదే: "అమ్మలూ, మచ్చను చూడకు, ముఖాన్ని చూడు."

ఆయన ఇంకొక నియమం కూడా పెట్టారు. ఎవరు ఎంత అడిగినా ముఖమంతా తెల్లబరచకూడదు. కనుబొమలు, కనురెప్పలు, పెదవుల అంచులు స్పష్టంగా తేలేటట్లు మాత్రమే చెయ్యాలి. 2009లో రిచర్డ్ రస్సెల్ అనే మనస్తత్త్వ శాస్త్రవేత్త, కళ్ళకూ పెదవులకూ వాటి చుట్టూ ఉన్న చర్మానికీ మధ్య వన్నెలో ఉండే తేడా పురుషులకంటే స్త్రీల ముఖాలలో ఎక్కువని, అలంకరణ ఆ తేడానే పెంచుతుందని చూపించినప్పుడు నాకు కాటుక గుర్తుకు వచ్చింది. కావలసింది ఆ తేడా. తెల్లని ఛాయ కాదు. చామనచాయ ముఖానికి కాటుక పెట్టి చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు, అయినా తెల్లబరిచే క్రీముల డబ్బాలు మన బజారులో తగ్గడం లేదు.

ఆకృతి గురించి రెండు మాటలు. భారతదేశంలో పుట్టి టెక్సాసులో పనిచేసిన దేవేంద్ర సింగ్, 1993లో, నడుము చుట్టుకొలతను పిరుదుల చుట్టుకొలతతో భాగిస్తే 0.7 దగ్గరికి వచ్చే ఆకృతిని పురుషులు ఎక్కువగా మెచ్చుకొంటారని చెప్పాడు. దర్జీ టేపు భాషలో చెప్పాలంటే, పిరుదులు ముప్పై ఆరు ఇంచిలైతే నడుము ఇరవై అయిదు. ఇది లోకమంతటా ఒకటేనని కొందరు అన్నారు. 1998లో పెరూ దేశపు అడవులలో బయటి ప్రపంచంతో సంబంధం తక్కువగా ఉన్న మాత్సిగెంకా తెగవారికి, సింగ్ తన పరిశోధనలో వాడిన ఆడవారి బొమ్మలనే చూపిస్తే, వారు నడుము లావుగా ఉన్నవారినే మెచ్చుకొన్నారు; సన్ననడుము వారు ఆరోగ్యంగా లేరన్నారు. రాయగడ దగ్గర చాటికోణ బుధవారం సంతకు నియమగిరి మీదినుంచి దిగివచ్చే డొంగ్రియా కొంధు స్త్రీల ముక్కు పోగులను చూసినవారికి, ఒక కొండకూ ఇంకొక కొండకూ అందం మారుతుందని వేరే చెప్పనక్కరలేదు. ఒడిస్సీ నృత్యంలోనూ, భువనేశ్వరంలో పదకొండవ శతాబ్దపు రాజారాణి గుడి గోడల మీది నాయికలలోనూ ఉన్న త్రిభంగాన్ని చూడండి. మెడ, నడుము, మోకాలు మూడుచోట్ల వంగేసరికి ఒక పక్క పిరుదు బయటికి వచ్చి, ఆ పక్క నడుము ఉన్నదానికంటే సన్నగా కనబడుతుంది. టేపు కొలత మారలేదు. నిలుచున్న తీరు మారింది.

ఇప్పుడు మా మేనకోడలి ముక్కు దగ్గరికి వస్తాను.

మీరు ఉన్నచోటనే ఒక కన్ను మూసుకోండి. ఒక అరచేతిని ముఖానికి జానెడు దూరంలో, రెండోదానిని చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. దగ్గరి చేయి చాలా పెద్దదిగా కనబడుతుంది. ముక్కు సంగతీ ఇంతే. ముక్కు కొన నుంచి చెవి దాకా వెనక్కు సుమారు అయిదు ఇంచిలు ఉంటుంది. ఫోను ముక్కుకు పన్నెండు ఇంచిల దూరంలో ఉంటే, చెవి పదిహేడు ఇంచిల దూరంలో ఉన్నట్టు. పన్నెండుకూ పదిహేడుకూ చాలా తేడా ఉంది కనుక చెవులు చిన్నబోయి, ముక్కు ముందుకు ఉబికివస్తుంది. అదే ఫోను అయిదడుగుల దూరంలో ఉంటే, అరవై ఇంచిలకూ అరవై అయిదుకూ తేడా లెక్కలోకి రాదు. 2018లో అమెరికాలో కొందరు పరిశోధకులు దీనిని లెక్కగట్టారు. అడుగు దూరంలో తీసిన ఫోటోలో ముక్కు వెడల్పు, అయిదడుగుల దూరంలో తీసినదానికంటే పురుషులకు 30 శాతం, స్త్రీలకు 29 శాతం ఎక్కువగా కనబడుతుందని తేల్చారు. స్వీయ ఫోటోలు చూపించి ముక్కు తగ్గించమని అడిగేవారికి వైద్యులు చెప్పుకోవడానికి ఆ లెక్క పనికివచ్చింది.

నేను మా పిల్లకు లెక్క చెప్పలేదు. కుట్టుదారం తెచ్చి, ముందు ఆమె రెండు కళ్ళ లోపలి మూలల మధ్య ఖాళీని కొలిచాను. ఆ దారాన్నే ముక్కుపుటాల మీద అడ్డంగా పెడితే ఇంచుమించు సరిపోయింది. తరువాత ఫోటోను ఫోను తెర మీద పెద్దదిగా చేసి, అక్కడా అలాగే కొలిచాను. ఈసారి దారం రెండు పుటాలకూ చాలలేదు. పిల్ల ఆ దారాన్ని నా చేతిలోనుంచి తీసుకొని తానే ఇంకొకసారి కొలుచుకొంది.

వరండాలో ఎండ నేరుగా పడని చోట, గోడకు రెండడుగుల ముందు ఆమెను నిలబెట్టాను. అక్కడినుంచి నా బారకు కాస్త తక్కువగా, అయిదడుగులు కొలిచి, గచ్చు మీద సుద్దతో ఒక గీత గీశాను. ఫోను ఆమె కళ్ళ ఎత్తులో పట్టుకొన్నాను. ముఖం చిన్నదిగా వస్తుందని దగ్గరికి జరగకూడదు. దూరం నుంచే తీసి, తరువాత అంచులు కత్తిరించుకోవాలి. దూరం ముఖ్యం. మూరెడు దూరం వద్దు, బారెడు దూరం కావాలి. ఇంకొక చిన్న సంగతి ఉంది: ఎవరి ఫోటో వారికి మొదట కొత్తగానే ఉంటుంది. ఎందుకంటే రోజూ అద్దంలో చూసుకొనేది కుడిఎడమలు మారిన ముఖాన్ని. 1977లో జరిగిన ఒక పరిశోధనలో మనిషికి అద్దంలోని ముఖమే నచ్చుతుందని, స్నేహితులకు మాత్రం అసలు ముఖమే నచ్చుతుందని తేలింది. అందువల్ల ఫోటో ఎంపిక పిల్లకు వదలక, వాళ్ళ అమ్మకు అప్పగించాను. ఆమె నాలుగో ఫోటోను ఎంచింది.

ఇచ్ఛాపురం వారు ఇంకా జవాబు చెప్పలేదు, ఆషాఢం వెళ్ళనివ్వమన్నారు. వరండాలో నేను గీసిన సుద్దగీత చెరిగిపోతే మా పక్కింటి ఒడియా అమ్మాయి దానిని రంగుతో మళ్ళీ గీసింది. కాలేజీ గుర్తింపు కార్డులకు ఫోటోలు కావాలట. సాయంత్రమైతే నలుగురైదుగురు వచ్చి దాని మీద నిలబడి, ఒకరి ఫోటో ఒకరు తీసుకొంటున్నారు.

నమస్కారం.