యోసిస్‌తో డిజైన్ లోపలికి: యూనిక్విఫై లేకుండా సీడీ కొట్టకండి

నమస్తే అండీ. ముందు ఒక విషయం చెప్పేస్తాను. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ ఐస్‌బ్రేకర్ బోర్డు, అంటే మనం రాసిన సర్క్యూట్‌ని వేసుకోగలిగే ఎఫ్‌పీజీఏ చిప్ ఉన్న బోర్డు, నాకు ఒక అమ్మకందారు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. బోర్డు రివ్యూ వేరే వీడియోలో చేస్తాను. దాన్ని పరీక్షిస్తూ వారమంతా యోసిస్ టెర్మినల్‌లోనే గడిపాను, అందుకే ఈ రోజు యోసిస్ గురించి.

క్లెయిర్ వుల్ఫ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సింథసిస్ టూల్ ఇది, అంటే వెరిలాగ్ అనే హార్డ్‌వేర్ భాషలో రాసిన కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చేది. ఫీచర్లు, ఇన్‌స్టాల్ చేసే పద్ధతి మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. సింథసిస్ కూడా ఈ రోజు వద్దు. వేరేవాళ్లు రాసిన వెరిలాగ్ చేతికొచ్చినప్పుడు అందులో ఏముందో దిగి చూడటానికి ఇది ఎలా పనికొస్తుందో, అదొక్కటే చెప్తాను.

అసలు ఏం జరిగిందంటే, ఈ బోర్డు మీద పికోసాక్ అనే చిన్న కంప్యూటర్ డిజైన్ వేశాను. అందులో ప్రాసెసర్ పికో ఆర్‌వీ 32. చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశాను, అందులో ఒక భాగహారం ఉంది. రన్ చేస్తే సీరియల్‌లో మొదటి లైన్ వచ్చి అక్కడే ఆగిపోయింది. ఫైల్ తెరిచి డివ్ అని వెతికాను. పీసీపీఐ డివ్ అని మాడ్యూల్, అంటే భాగహారం చేసే డిజైన్ ముక్క, చక్కగా కనిపిస్తోంది. డివైడర్ ఉందిగా, మరి ఎందుకు ఆగుతోంది? రెండు సాయంత్రాలు కేబుల్ మార్చాను, లింకర్ స్క్రిప్ట్ మార్చాను. ఒకటే టెన్షన్.

మూడో రోజు యోసిస్ తెరిచాను. ఇక్కడ ఫైళ్లు చదివించే వరుస ముఖ్యమండీ. ఐస్‌బ్రేకర్ ఫైల్ ముందు, పికోసాక్ తర్వాత, పికో ఆర్‌వీ 32 చివర. వరుస తప్పితే ఆ ఫైళ్లే ఎర్రర్ ఇస్తాయి, అలా రాసిపెట్టారు. ఈ బోర్డు మీది ఐస్ 40 చిప్, దాని సెల్ లైబ్రరీని కూడా మైనస్ లిబ్‌తో చదివించండి. తర్వాత హైరార్కీ మైనస్ టాప్ ఐస్‌బ్రేకర్. ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, పైన టాప్ మాడ్యూల్, దాని కింద వాడిన మాడ్యూల్స్, ఒక్కో మెట్టూ కాస్త లోపలికి జరిగి వస్తాయి. ఈ జాబితాలో పీసీపీఐ డివ్ లేదు! గుణకారం చేసే ఫాస్ట్ మల్ ఉంది, డివ్ లేదు. ఎందుకంటే ఐస్‌బ్రేకర్ ఫైల్‌లో ఎనేబుల్ డివ్ అనే పారామీటర్‌కి సున్నా ఇచ్చారు. నా కంపైలర్ డివ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టింది, దాన్ని అందుకునే హార్డ్‌వేర్ లేదు, ప్రాసెసర్ ట్రాప్‌లో పడి ఆగిపోయింది. పదాలు వెతికే గ్రెప్ ఫైల్‌లో ఉన్నది చూపిస్తుంది. యోసిస్ మాత్రం పారామీటర్లన్నీ లెక్కలోకి తీసుకుని, మీ డిజైన్‌లో నిజంగా మిగిలింది చూపిస్తుంది. ఈ టూల్ నాకు ఇంత నచ్చింది ఇందుకే.

ఇక చిరాకు సంగతి. పారామీటర్లు ఉన్న మాడ్యూల్‌కి యోసిస్ కొత్త పేరు పెడుతుంది. మెమరీ పేరు చూడండి. డాలర్ పారామాడ్, తర్వాత మాడ్యూల్ పేరు, తర్వాత వర్డ్స్ ఈక్వల్స్ అని 32 అంకెల బైనరీ. విలువ 32768, అందుకే ఒక ఒకటి, మిగతావన్నీ సున్నాలు. ఇది కాస్త నయం. సీపీయూకి పారామీటర్లు ఎక్కువ కాబట్టి వాటన్నిటినీ కలిపి ఎస్‌హెచ్‌ఏ 1 హ్యాష్, అంటే ఒక గుర్తు కోడ్, చేస్తుంది. డాలర్ పారామాడ్ డాలర్ తర్వాత 40 అక్షరాల గజిబిజి, ఆ చివర ఎక్కడో అసలు పేరు. సీడీ కమాండ్‌తో ఆ మాడ్యూల్ లోపలికి వెళ్లాక ప్రాంప్ట్‌లో ఇది కూర్చుంటే మనం ఎక్కడున్నామో మనకే అర్థం కాదు. పైగా అక్కడి నుంచి సీడీ డాట్ డాట్ కొడితే ఒక మెట్టు పైకి కాదు, ఏకంగా డిజైన్ బయటికి వచ్చేస్తాం. లినక్స్ అలవాటున్న ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకైతే మండింది.

దీనికి మందు యూనిక్విఫై. హైరార్కీ తర్వాత ఈ ఒక్క మాట టైప్ చేయండి. ప్రతి ఇన్‌స్టెన్స్‌కీ, అంటే మాడ్యూల్‌ని వాడిన ప్రతి చోటుకీ, సొంత కాపీ తయారుచేసి, దాని దారినే పేరుగా పెడుతుంది. ఇప్పుడు సీడీ ఐస్‌బ్రేకర్, సీడీ ఎస్‌ఓసీ, సీడీ సీపీయూ. ప్రాంప్ట్ చూడండి: ఐస్‌బ్రేకర్ డాట్ ఎస్‌ఓసీ డాట్ సీపీయూ. హ్యాష్ పోయింది! సీడీ డాట్ డాట్ కొడుతున్నాను, ఒక్క మెట్టే పైకి వచ్చింది. యోసిస్‌లో సీడీ డాట్ డాట్ పేరులోని చుక్కలను చూసి పైకి వెళ్తుంది, యూనిక్విఫై ఆ చుక్కలు పెడుతుంది, రెండూ జోడీ. ఇది తెలిశాక గంటసేపు ఊరికే అటూ ఇటూ తిరిగాను. మెమరీ లోపలికి వెళ్తే నాలుగు ఎస్‌పీర్యామ్ బ్లాకులు, అంటే చిప్‌లోని మెమరీ ముక్కలు, ఒక్కోటి 256 కిలోబిట్లు, మొత్తం 128 కిలోబైట్లు. చిప్‌లో ఉన్న ఎస్‌పీర్యామ్ అంతా ఇక్కడే వాడేశారు.

సీపీయూలో, లోపలున్నవన్నీ చూపించే ఎల్ఎస్ కొట్టేముందు జాగ్రత్త. కూడికలు, పోలికలు, మక్స్‌లు, అన్నీ కలిసి తెర నిండా కారిపోతాయి. మనకి కావలసింది ఇన్‌స్టెన్స్‌లు మాత్రమే. సెలెక్ట్ మైనస్ లిస్ట్ ఇచ్చి, సీ కోలన్ స్టార్, టీ కోలన్ డాలర్ స్టార్, పర్సెంట్ డీ. అంటే సెల్స్ అన్నీ తీసుకో, డాలర్‌తో మొదలయ్యే రకాలు తీసెయ్ అని. కొద్ది పేర్లే మిగులుతాయి. అయితే ఆ డాలర్ పేర్లూ వృథా కాదు. డాలర్ యాడ్ తర్వాత ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి. దాన్ని పట్టుకుని నేరుగా కోడ్‌లో ఆ కూడిక దగ్గరికి వెళ్లిపోవచ్చు.

పాత ఉద్యోగంలో ఖరీదైన గ్రాఫికల్ టూల్ వాడేవాళ్లం. హైరార్కీని చెట్టులా అందంగా చూపించేది. కానీ టీముకి లైసెన్సులు సరిపోయేవి కావు, పక్క సీటు అన్న మూసేదాకా కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో, నా ల్యాప్‌టాప్‌లో, అర్ధరాత్రి కూడా అదే పని చేసుకుంటున్నాను. షో కమాండ్‌తో బొమ్మ కూడా వస్తుంది, చిన్న మాడ్యూల్స్‌కి బాగుంటుంది, సీపీయూకి వద్దు.

సిస్టమ్ వెరిలాగ్ బాగా వాడే డిజైన్ అయితే దీని సొంత రీడర్ కొంతవరకే చదవగలదు, ప్లగిన్ కావాలి. వీహెచ్‌డీఎల్ అనే ఇంకో హార్డ్‌వేర్ భాషకి జీహెచ్‌డీఎల్ ప్లగిన్ పెట్టుకోవాలి. మార్కులు తగ్గించాలంటే వీటికి తగ్గించాలి, ఆ హ్యాష్ పేర్లకి ఇంకా ఎక్కువ తగ్గించాలి. కానీ నా రెండు సాయంత్రాల తలనొప్పిని రెండు నిమిషాల్లో తీర్చిన టూల్‌కి మార్కులు తగ్గించడానికి నాకు మనసు రావట్లేదు. వెరిలాగ్ చదివే ప్రతి ఒక్కరి మెషీన్‌లో ఇది ఉండాల్సిందే.

ఈ రోజు టైప్ చేసిన కమాండ్లు అదే వరుసలో డిస్క్రిప్షన్‌లో పెట్టాను. నా ప్రోగ్రామ్‌ని భాగహార ఇన్‌స్ట్రక్షన్లు లేకుండా కంపైల్ చేశాను, ఇప్పుడు సీరియల్‌లో రెండో లైన్ కూడా వస్తోంది. ఇదిగో చూడండి.