పోచంపల్లి, నిడుబ్రోలు: సర్కారుని నమ్మని రెండు దారులు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు మా బాబాయ్‌ని మైకు ముందు కూర్చోబెట్టాను, చాలా ఏళ్లు కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పారు. బాబాయ్, సూటిగా అడిగేస్తున్నాను. అనార్కిస్టులు ప్రభుత్వమే వద్దంటారు, వ్యక్తి స్వేచ్ఛే ముఖ్యమనే లిబర్టేరియన్లు చిన్న ప్రభుత్వం చాలంటారు. ఇద్దరూ ఒకే బస్సు ఎక్కారు, ఒకళ్లు ఒక స్టాపు ముందు దిగిపోతారు, అంతే కదా?

బాబాయ్: చాలామంది అలాగే అనుకుంటారమ్మా. నా లెక్కలో బస్సులే వేరు. ముందు ఆ మాట సంగతి చూద్దాం. మనకి అరాచకం అనగానే లూటీలు, ఇళ్లు తగలబెట్టడాలు గుర్తొస్తాయి. అనార్కిస్టులు కోరుకునేది అది కాదు, పైన ఒక ఏలిక లేకుండా మనుషులు తమలో తాము కలిసి బతకడం. 1916లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం సభలో గాంధీ గారు నేనూ అరాచకవాదినే, కాకపోతే వేరే రకం అన్నారు. ఆ వేరే రకాన్ని ఆయన తర్వాత కాలినడకన ఊరూరికీ మోసుకెళ్లింది ఆయన శిష్యుడు వినోబా భావే.

హోస్ట్: వినోబా అంటే భూదానం అనే తెలుసు నాకు. అనార్కిజం అని ఎప్పుడూ వినలేదు.

బాబాయ్: మన స్కూలు పుస్తకాల్లో ఆయన్ని దానాలు అడిగిన సాధువుగా చూపించి వదిలేశారు, అదే నా బాధ. ఆయన శాసన ముక్తి అని స్పష్టంగా చెప్పారు, అంటే ప్రభుత్వం నుంచి విముక్తి. 1951 ఏప్రిల్ 18, నల్గొండ జిల్లా పోచంపల్లి. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా పూర్తిగా ఆగలేదు, అటు దళాలు, ఇటు పోలీసు క్యాంపులు, మధ్యలో జనం. ఊళ్లో దళిత కుటుంబాలవాళ్లు 80 ఎకరాలు కావాలన్నారు, సగం తరి, సగం మెట్ట. సర్కారుకి రాసి ఇప్పించొచ్చు, కానీ ఆయన అక్కడున్నవాళ్లనే అడిగారు, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు.

హోస్ట్: మరి రెండో బస్సు?

బాబాయ్: అది గుంటూరు జిల్లా నిడుబ్రోలుది. ఎన్.జి. రంగా గారు, రైతు ఉద్యమ నాయకుడు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సభలో ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం పెట్టారు కదా, అంటే రైతులందరి చెక్కలూ కలిపి సాగు చేయాలని. రంగా గారు ససేమిరా అని కాంగ్రెస్‌లోంచి బయటికొచ్చేశారు. అదే ఏడాది రాజాజీ, మీనూ మసానీ వాళ్లతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు, మొదటి అధ్యక్షుడు ఈయనే. 1967లో లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి, ప్రతిపక్షంలో అందరికన్నా ఎక్కువ. పర్మిట్ లైసెన్స్ రాజ్, అంటే ఏ వ్యాపారానికైనా సర్కారు అనుమతి కావాలనే పద్ధతి, అది వద్దు, రైతు భూమి జోలికి రావద్దు, శాంతిభద్రతలు, న్యాయస్థానాలు చూసుకుంటే చాలు అన్నారు వాళ్లు. ఇంకోటి చెప్తాను, వీళ్లూ గాంధీ గారి ధర్మకర్తృత్వం మాటే ఎత్తుకున్నారు, అంటే ఉన్నవాడు తన ఆస్తిని సమాజం తరఫున ధర్మకర్తలా చూసుకోవాలని.

హోస్ట్: అయితే తేడా ఎక్కడ బాబాయ్? ఇద్దరికీ ఢిల్లీ పెత్తనం నచ్చలేదు, ఇద్దరూ గాంధీ పేరే చెప్పారు. పైగా భూదానంలో బలవంతం లేదు కాబట్టి రంగా గారికీ అభ్యంతరం ఉండదు.

బాబాయ్: ఇచ్చేరోజు ఇద్దరూ ఒకటే. తేడా తెల్లారాక వస్తుంది, ఆ పొలం ఎవరి పేరు మీద ఉండాలి అన్నప్పుడు. రంగా గారికి రైతు, అతని పట్టా, అతని గట్టు, ఇవే స్వేచ్ఛకి ఆధారం. గట్టు ఎవడైనా జరిపితే అడ్డుకోవడానికి సర్వేయరు, కోర్టు, పోలీసు ఉండాలి. అందుకే ఆ మేరకు ప్రభుత్వం కావాలి, దాన్ని దాటి లోపలికి రాకూడదు. వినోబా అసలు ఆ గట్టే ఎందుకని అడిగారు. ఒకడికి 500 ఎకరాలుండి పక్కవాడికి సెంటు కూడా లేనప్పుడు కాపలా పెట్టాల్సి వస్తోంది, ఊరంతా భూమిని పంచుకుంటే కాపలాతో పనేముంది అని. 1952లో ఉత్తరప్రదేశ్‌లో మంగ్రోత్ ఊరు మొత్తం భూమిని ఇచ్చేసింది, గ్రామదానం అలా మొదలైంది. అందులో యాజమాన్యం ఊరిది, సాగు మాత్రం కుటుంబానిది. రంగా గారు ఎన్నటికీ ఒప్పుకోని సంగతి ఇదే, అది ఢిల్లీ చేసినా ఊరు చేసినా.

హోస్ట్: కానీ ఆచరణలో నిలబడిందా?

బాబాయ్: దేశం మొత్తం మీద 40 లక్షల ఎకరాలకు పైగా దానం వచ్చింది. కానీ అందులో చాలా భాగం గుట్టలు, రాళ్లు, కోర్టు తగాదాల్లో ఉన్నవి. మంచి భూమి కూడా నోటిమాటతో పంచితే నిలవదు కదా, రికార్డులో పేరెక్కాలి. చివరికి 1965లో ఆంధ్రప్రదేశ్‌లో భూదాన గ్రామదాన చట్టం తెచ్చారు. ప్రభుత్వం వద్దన్న ఉద్యమం పొలాలు కాపాడుకోవడానికి మళ్లీ తహసీల్దారు ఆఫీసు మెట్లే ఎక్కాల్సి వచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల భూముల రేట్లు పెరిగాక భూదాన భూముల గొడవలు ఎన్ని చూశాం. ఈ విషయంలో రంగా గారి భయం నిజమైంది, కాగితం లేని పేదవాడిది ఎవరైనా లాక్కుంటారు.

హోస్ట్: అంటే మీ ఓటు నిడుబ్రోలుకే.

బాబాయ్: లేదమ్మా. 1964లో 17వ రాజ్యాంగ సవరణ వచ్చింది, భూసంస్కరణ చట్టాలకి కోర్టుల నుంచి రక్షణ ఇవ్వడానికి. స్వతంత్ర పార్టీ గట్టిగా ఎదిరించింది. రైతు పొలం కాపాడాలన్న వాదన బాగానే ఉంది, కానీ అదే గొడుగు కింద జమీందార్లు, సంస్థానాధీశులు కూడా నిలబడ్డారు. కౌలుదారుడి పేరు, కూలీ పేరు ఆ వాదనలో ఎక్కడా వినిపించదు. పట్టా ఉన్నవాడికి స్వేచ్ఛ సరే, పట్టా లేకుండా పుట్టినవాడి సంగతేంటి? పోచంపల్లిలో ఆ 80 ఎకరాలు అడిగినవాళ్లు సరిగ్గా వాళ్లే. నేను వాళ్ల పక్కన కూర్చుని ఆలోచిస్తాను. వాళ్లకి వినోబా అడిగిన ప్రశ్న కావాలి, రంగా గారు పట్టుబట్టిన పట్టా కూడా కావాలి.